ముందు సంత, తర్వాతే యాప్

మార్చి వచ్చిందంటే పిడుగురాళ్ల చుట్టుపక్కల ఊళ్లలో కళ్లాలన్నీ ఎర్రబడతాయి. పట్టాల మీద మిర్చి ఆరుతుంటుంది, కూలీలు తాలుకాయలు ఏరుతుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో, విజయవాడలో, నరసరావుపేటలో ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవాలన్న ఆలోచన ఇళ్లల్లో మొదలవుతుంది. ‘మీ వైపు మంచి కాయ దొరుకుతుందా?’ అని చుట్టాలకు ఫోన్లు చేస్తారు. కొనేవాళ్లున్నారు, అమ్మేవాళ్లున్నారు. ఇద్దరి అవసరమూ ఒకే నెలలో వచ్చింది. మధ్య దూరం బస్సులో కొన్ని గంటలు. అయినా ఆ కాయ టిక్కీ బస్తాలకెక్కి గుంటూరు మిర్చి యార్డుకు పోతుంది, నాలుగు చేతులు మారుతుంది, చివరికి ఏ ఊరి పంటో చెప్పలేని కారం పొట్లమై ఆ ఇళ్లకే చేరుతుంది.

చేతులు మారినకొద్దీ రైతు వాటా ఎంత తరుగుతుందో మిర్చికి కాకపోయినా కూరగాయలకు లెక్క ఉంది. కొనేవాడు పెట్టే రూపాయిలో టమాటా రైతుకు దక్కేది సుమారు 33 పైసలు, ఉల్లి రైతుకు 36, బంగాళాదుంప రైతుకు 37 అని రిజర్వు బ్యాంకు పరిశోధకులు 2024లో తేల్చారు. ఈ లెక్క చూసినప్పుడల్లా ఎవరో ఒకరికి ‘రైతును, ఇంటిని నేరుగా కలిపే యాప్ చేద్దాం’ అనిపిస్తుంది. ఆలోచన మంచిదే, అవసరమైనదే. అయితే చాలామంది ముందు తెరలు గీస్తారు, రంగులు ఎంచుతారు, బుట్ట బొమ్మ ఎక్కడుండాలో తేలుస్తారు. యాప్ అందంగా తయారవుతుంది. అందులో అమ్మేవాళ్లు పదిమంది, కొనేవాళ్లు ఏ వేళకూ ఇద్దరు ముగ్గురే. రెండు నెలలకు దాన్ని తెరిచి చూసేవాళ్లుండరు.

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పే శాస్త్రం ఒకటుంది. మార్కెట్లను ఎలా కట్టాలో చదివే శాస్త్రం అది. మూత్రపిండం కావలసిన రోగికి సరిపోయే దాతను వెతికిపెట్టే పద్ధతులు, పిల్లలకు బడుల్లో సీట్లు పంచే పద్ధతులు రూపొందించిన ఆల్విన్ రోత్, లాయిడ్ షాప్లీతో కలిసి 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. ఏ మార్కెట్టయినా నడవాలంటే మూడు కావాలంటాడు రోత్. చాలినంతమంది ఒకేచోట, ఒకే వేళకు చేరాలి. చేరినవాళ్లు తొక్కిసలాట లేకుండా బేరం తేల్చుకోగలగాలి. తేల్చుకున్న బేరంలో మోసపోమన్న ధీమా ఉండాలి.

మన వారపు సంతను ఈ మూడు మాటలతో చూడండి. వారంలో ఆరు రోజులు ఆ మైదానం ఖాళీగానే ఉంటుంది. ఒక్కరోజు మాత్రం చుట్టుపక్కల పల్లెల జనమంతా అక్కడికే వస్తారు. జనం తక్కువున్న సీమలో బేరాలు పలచబడకుండా ఉండాలంటే కాలాన్ని కుదించాలని మన పూర్వులు ఏ పుస్తకమూ లేకుండానే కనిపెట్టారు. కొత్తగా పెట్టే యాప్‌కు అక్షరాలా ఇదే సమస్య, ఇదే మందు. రాత్రింబవళ్లు తెరిచి ఉండడం పెద్ద కంపెనీకి బలమేమో కానీ, పసి యాప్‌కు అది ప్రాణాంతకం.

చిన్న లెక్క వేద్దాం. అమ్మేవాళ్లు 10 మంది, వారానికి 60 ఆర్డర్లు వస్తున్నాయనుకుందాం. వారానికి 168 గంటలు. ఎప్పుడైనా కొనవచ్చంటే సుమారు మూడు గంటలకు ఒక్క ఆర్డరే పడుతుంది. ఒక్కో రైతుకు వారానికి ఆరు ఆర్డర్లు, అవీ తలా ఒకరోజు. ఆరుసార్లు తూకం, ఆరుసార్లు మూట కట్టడం, ఆరుసార్లు పిడుగురాళ్ల బస్టాండుకు రావడం. రెండో వారానికే ఆయనకు విసుగొస్తుంది, ఫోన్ ఎత్తడం మానేస్తాడు. అవే 60 ఆర్డర్లకు బుధవారం రాత్రితో గడువు ముగిసి, శనివారం ఒకేసారి సరుకు కదిలేట్టు పెడితే రైతుకు ఒక్క పూట పని. ఊళ్లన్నీ తిరిగి మూటలు ఎత్తుకొచ్చే ఆటోకు ఒక్క తిరుగుడు. ఆర్డర్లు ఒక్కటీ పెరగలేదు, వాటికి వేళ కుదిరిందంతే.

ప్రపంచంలో ఈ దారిలో నిలదొక్కుకున్నవాళ్లు కూడా ఇదే చేశారు. ఫ్రాన్సులో 2011లో తులూజ్ నగరం దగ్గర ఒక చిన్న ఊళ్లో మొదలైన ‘లా రూష్ కి దీ వీ’లో ప్రతి రైతూ తనకు గిట్టుబాటయ్యే కనీస మొత్తాన్ని ముందే చెబుతాడు. ఆ ఊరివాళ్ల ఆర్డర్లన్నీ కలిసి ఆ మొత్తాన్ని దాటితేనే సరుకు తెస్తాడు, దాటకపోతే ఆ వారానికి రాడు. సరుకు వచ్చిన రోజు అందరూ ఒకచోటికి వచ్చి తీసుకుపోతారు. 2012లో ఆస్ట్రేలియాలో కిర్‌స్టెన్ లార్సెన్, సెరెనిటీ హిల్ మొదలుపెట్టిన ‘ఓపెన్ ఫుడ్ నెట్‌వర్క్’ కూడా ఆర్డరు విడతల చుట్టూనే అల్లుకున్నది. ఆ సాఫ్ట్‌వేర్ కోడ్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. నరసరావుపేటలోనో గుంటూరులోనో ఇంజనీరింగ్ చదివే పిల్లలు మొదటినుంచీ అంతా రాసుకోనక్కర్లేదు, దాన్ని తెరిచి చదివినా చాలా నేర్చుకుంటారు.

పిడుగురాళ్లకు తగిన మొదటి సరుకేది? ఈ ఊరి పేరు చెప్పగానే చాలామందికి సున్నపు బట్టీలు గుర్తొస్తాయి. దాని చుట్టూ ఉన్న పల్నాటి నల్లరేగడిలో పత్తి, మిర్చి, కంది పండుతాయి. గానుగ నూనె, పచ్చళ్లు, అప్పడాలు, నెయ్యి అమ్మేవాళ్లూ ఉన్నారు. వీటన్నిటినీ మొదటిరోజే యాప్‌లోకి ఎక్కించాలన్న ఆశ సహజం. నా మాట వింటే ఎండుమిర్చి ఒక్కదానితోనే మొదలుపెట్టాలి. పాలు, కూరగాయల్లా ఒక్కరోజులో చెడదు. ఇంటికి కావలసింది ఒకేసారి, కిలోల లెక్కన కొంటారు. కిలోకైనా అయిదు కిలోలకైనా మూట కట్టే శ్రమ, బస్టాండు దాకా తెచ్చే ఖర్చు దాదాపు ఒకటే కాబట్టి పెద్ద మూటే గిట్టుబాటు. పైగా ఏటా ఫలానా నెలల్లోనే కొనాలన్న అలవాటు ఇళ్లల్లో ముందే ఉంది. కొత్త అలవాటు నేర్పడం కన్నా ఉన్న అలవాటుకు దారి వేయడం ఎంతో తేలిక.

చూడకుండా ఎలా కొనడం?

అసలు చిక్కు ఇక్కడుంది. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల బేరాల మీద ఒక వ్యాసం రాశాడు. కారులో లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు మంచి కారుకు కూడా సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు గిట్టక మంచి కారున్నవాడు తప్పుకుంటాడు. మిగిలినవాటి సగటు మరింత దిగజారుతుంది, ధర ఇంకా పడిపోతుంది. చివరికి నాసిరకమే మిగులుతుంది. 2001లో ఆయనకు నోబెల్ తెచ్చిన పనికి ఈ వ్యాసమే మూలం.

కారం పొడి అంగడి అచ్చం ఇలాంటిదే. పొడి అయ్యాక కాయ ఆనవాలు పోతుంది. రంగు కలిపారో, తాలుకాయ కలిపారో కంటికి తెలియదు. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో వందలాది ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి రప్పించారు. వాటిలో వాడిన సాస్‌కు చేర్చిన కారంలో సూడాన్-1 అనే పారిశ్రామిక రంగు బయటపడడమే కారణం. కల్తీ చేసేది ఎవరో ఒకరు, నమ్మకం పోగొట్టుకునేది నిజాయితీగా పండించిన రైతులందరూ. కాబట్టి మన యాప్‌లో కాయను కాయగానే అమ్మాలి. కొన్నవాళ్లు తమ వీధి మరలో తామే పట్టించుకుంటారు.

ఇప్పుడు ఒక్క రైతు, ఒక్క లాటు పేజీని దగ్గరగా చూద్దాం. ఆ పేజీలో ‘నాణ్యమైన గుంటూరు మిర్చి’ అన్న వాక్యానికి చోటు లేదు, ఎందుకంటే అబద్ధమాడేవాడూ అదే రాస్తాడు. రకం ఉండాలి: తేజనా, 334నా, బాడిగనా. ఎన్నో కోత కాయ? ఏ వారంలో కోశారు? కళ్లంలో ఎండిందా, కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిందా? తొడిమ తీశారా లేదా? కిలోలో తాలు సుమారు ఎంత? తేమ ఎంత? యార్డులో కమీషన్ ఏజెంటు, కొనుగోలుదారు చేత్తో కాయ పట్టుకుని క్షణంలో తేల్చేసుకునే విషయాలివి. హైదరాబాద్‌లో ఉన్న గృహిణికి ఆ కాయ చేతికందదు కనుక ఆ చూపును పేజీలోకి తేవాలి.

తేమను తేలిగ్గా తీసుకోకూడదు. ఎండుకాయలో తేమ 10, 11 శాతానికి మించి ఉంటే నిల్వలో బూజు పడుతుంది, ఆ బూజుల్లో కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. చేతిలో పట్టే తేమ మీటరు ఊరికి ఒకటుంటే చాలు. దాని అంకె ఫొటోతో సహా పేజీలో పెట్టాలి. నాకు ఇంకో కోరిక కూడా ఉంది. బాగా ఎండిన కాయను ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. రైతు దోసెడు కాయలు ఎత్తి పోస్తున్న చప్పుడు పది సెకన్లు రికార్డు చేసి పేజీలో వినిపించాలి. మీటరుకు అది బదులు కాదు కానీ, కళ్లంలో నిలబడి కొన్నవాళ్లకు అలవాటైన ఆనవాలు అది.

ఫొటో సంగతీ అంతే. ఫోన్ కెమెరా ఎరుపును దానంతటదే పెంచుతుంది, తగ్గిస్తుంది. కాయ పక్కన తెల్ల కాగితం ఉంచి, పగటి వెలుతురులో తీస్తే రంగు ఎంత మారిందో కాగితాన్ని బట్టి సరిచేయవచ్చు. ఒక కాయను నిలువునా చీల్చి కూడా చూపాలి. కారమంతా గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి లోపలి పొరలో. ఎరుపునిచ్చే పదార్థాలు వేరు. అందుకే ఎర్రగా నిగనిగలాడే బాడిగలో ఘాటు తక్కువ, తేజలో ఘాటెక్కువ. కారాన్ని కొలిచే స్కేలును 1912లో విల్బర్ స్కోవిల్ రూపొందించాడు. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం ఆ స్కేలుపై 35,000 నుంచి 40,000 మధ్య ఉంటుంది. పేజీలో రంగుకు ఒక గీత, ఘాటుకు ఒక గీత విడివిడిగా చూపిస్తే ఆవకాయకు ఏది, నిత్యం కూరల్లోకి ఏది అన్నది ఇంట్లోవాళ్లే తేల్చుకుంటారు.

నక్షత్రాల రేటింగు మొదట్లో అసలు పెట్టకూడదంటాను. ముగ్గురు కొని ముగ్గురూ మెచ్చుకుంటే నూటికి నూరు చూపిస్తుంది. యాభైమందిలో 48 మంది మెచ్చుకున్నవాడికి 96 చూపిస్తుంది. మొదటివాడే మేలని తెర చెబుతోంది, అది తప్పు. గణితవేత్త లాప్లాస్ చూపిన పాత సూత్రం ప్రకారం మెప్పులకు ఒకటి, మొత్తానికి రెండు కలిపి భాగిస్తే మొదటివాడికి అయిదింట నాలుగు, అంటే 80 శాతం. రెండోవాడికి 52లో 49, అంటే 94 శాతం. సాక్ష్యం తక్కువున్నచోట ధీమా కూడా తక్కువే ఉండాలని ఆ సూత్రం చెబుతోంది. పదిమంది రైతులతో మొదలైన యాప్‌లో రేటింగు కన్నా ‘రెండోసారి కొన్నవాళ్లు ఎందరు’ అన్న ఒక్క అంకె చాలు.

రైతు నిజంగా రైతేనా అన్న ప్రశ్నకు మన రాష్ట్రంలో పాత జవాబుంది. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలైనప్పుడు పొలం ఉందో లేదో చూసి రైతులకు ఫొటోతో గుర్తింపు కార్డులిచ్చారు, ఆనాటి ధరలు బోర్డు మీద రాసి పెట్టారు. గుర్తింపు, ధరల బోర్డు రెండూ యాప్‌లోకి నేరుగా తెచ్చుకోదగ్గవి. లాటు పేజీలోనే ఆ రోజు గుంటూరు యార్డు ధర కూడా కనబడాలి. రైతు అంతకన్నా ఎందుకు ఎక్కువ అడుగుతున్నాడో కొనేవాళ్లకు అప్పుడు అర్థమవుతుంది.

ధర తెలియడం ఒక్కటే ఎంత మార్పు తెస్తుందో కేరళ తీరం చూపించింది. 1997కు ముందు అక్కడ ఒక రేవులో చేపలు కొనే దిక్కులేక పారబోస్తుంటే, అదే ఉదయం పదిహేను కిలోమీటర్ల అవతల చేపలు దొరక్క జనం వెనుదిరిగేవాళ్లు. సెల్‌ఫోన్లు వచ్చాక జాలరులు నడిసముద్రం నుంచే రేవులకు ఫోన్ చేసి ఎటు పోవాలో తేల్చుకున్నారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పారబోత దాదాపు ఆగిపోయింది, జాలరుల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. అక్కడ యాప్ లేదు, మాట్లాడుకునే ఫోన్ ఉంది, అంతే.

కోడ్ రాయకముందు

కాబట్టి మొదటి సీజనులో రైతు చేతిలో యాప్ పెట్టనక్కర్లేదు. కొనేవాళ్లకు మాత్రం ఒక చిన్న వెబ్ పేజీ ఉంటే చాలు. రైతు ఫోన్‌లోనో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లోనో ‘తేజ రెండో కోత, యాభై కిలోలుంది’ అంటాడు. పిడుగురాళ్లలో కూర్చున్న ఒక మనిషి దాన్ని పేజీలోకి ఎక్కిస్తాడు. తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషి ఆడించినట్టు, బయటికి యంత్రంలా కనిపించేదాన్ని లోపల మనిషే నడుపుతాడు. కంప్యూటర్ పరిశోధకులు ఈ పద్ధతిని 1980లనుంచీ వాడుతున్నారు. దీంతో రైతులు ఏ మాటలు వాడతారో, ఎక్కడ తడబడతారో, దేన్ని అసలు పట్టించుకోరో కోడ్ రాయకముందే తెలుస్తుంది.

తర్వాత పేజీని పరీక్షించడానికి వందలమందిని పిలవనక్కర్లేదు. జేకబ్ నీల్సన్, టామ్ లాండవర్ అనే పరిశోధకులు 1993లో వేసిన లెక్కలో ఒక్క మనిషి వాడి చూస్తే సగటున 31 శాతం లోపాలు బయటపడతాయి. అయిదుగురు చూస్తే దాదాపు 85 శాతం. ఆ అయిదుగురు ఎవరన్నది మాత్రం ముఖ్యం. ఇంజనీరింగ్ కాలేజీ స్నేహితులు అయిదుగురైతే లాభం లేదు. కళ్లజోడు లేకుండా ఫోన్ చూడలేని పెద్దాయన, ఇంట్లో ఒక్క ఫోనును పిల్లలతో పంచుకునే తల్లి అందులో ఉండాలి.

సరుకు లెక్కలో ఒక మెలిక ఉంది. రైతు యాభై కిలోలన్నాడు. మధ్యాహ్నం దారినపోయే వ్యాపారి కళ్లంలోకొచ్చి ముప్ఫై కొనుక్కుపోయాడు. పేజీలో ఇంకా యాభై అనే ఉంది. బ్యాంకులు, రైళ్ల రిజర్వేషన్లు కూడా ఎదుర్కొనే సమస్యే ఇది: ఒకే వస్తువును ఇద్దరికి మాట ఇవ్వడం. వాళ్లకున్న యంత్రాలు మనకక్కర్లేదు. యాప్ కోసమంటూ కొంత కాయను వేరే మూటలో కట్టి, దానికి చీటీ వేసి పక్కన పెట్టిస్తే చాలు. చీటీ ఉన్న మూటలే యాప్‌లో కనబడాలి.

కొనేవాళ్ల వైపున సిగ్నల్ సమస్య. ఆర్డరు నొక్కగానే నెట్ ఆగిందంటే జనం రెండోసారి నొక్కుతారు, రెండు మూటలు బయల్దేరతాయి. అందుకని నొక్కకముందే ఫోనులోనే ఆ ఆర్డరుకు ఒక ప్రత్యేక నంబరు పుట్టాలి. అదే నంబరు పదిసార్లు వచ్చినా సర్వరు ఒక్కసారే లెక్కలోకి తీసుకోవాలి. డబ్బుకు యూపీఐ ఉండనే ఉంది. స్మార్ట్‌ఫోన్ లేని రైతులకు 2022లో వచ్చిన యూపీఐ 123పే ఉంది.

శనివారం పది ఊళ్లు తిరిగి మూటలు ఏరుకొచ్చే ఆటోకు ఏ వరస మేలు? పది చోట్లు ముట్టి బయల్దేరిన చోటికే రావాలంటే 18,14,400 దారులున్నాయి. 1959లో డాంట్‌జిగ్, రామ్సర్ అనే పరిశోధకులు పెట్రోలు లారీల కోసం మొదలుపెట్టిన ఈ గణితం ఇప్పటికీ పెద్ద పరిశోధనాంశమే. పది ఊళ్లకు మాత్రం ఆ గణితం అక్కర్లేదు. రోజూ ఆ దారుల్లో తిరిగే పాల వ్యాను డ్రైవరును అడిగితే చాలు. పిడుగురాళ్లలో ఆర్టీసీ డిపో ఉంది, బస్సుల్లో పార్సిళ్లు పోతాయి. ఇంటింటికీ చేర్చే బదులు ఊరికో చోట దించి, అక్కడికొచ్చి తీసుకోమనడమే మొదటి ఏడాదికి న్యాయం.

చట్టం సంగతి ముందే చూసుకోవాలి. తాను పండించిన పంటను తానే అమ్ముకునే రైతుకు జీఎస్టీ నమోదు అక్కర్లేదు. అదే కారం పొడి చేసి ప్యాకెట్లలో అమ్మితే లెక్క మారుతుంది. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు కావాలి, ప్యాకెట్ మీద బరువు, ధర, ప్యాక్ చేసిన నెల, చిరునామా అచ్చువేయాలి. ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు 1 నుంచి ఇచ్చిన జీఎస్టీ మినహాయింపు సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. పిడుగురాళ్ల పచ్చళ్ల సరుకు కృష్ణ దాటి హైదరాబాద్ చేరితే అది వేరే రాష్ట్రపు అమ్మకం. పచ్చళ్లు, పొడులు అమ్మే మహిళా సంఘాలను చేర్చుకునేముందు ఒక అకౌంటెంటుతో కూర్చోవడం మంచిది.

ఒకటి రెండు సీజన్లు ఇలా నడిచాక కందిపప్పు, గానుగ నూనె కలపవచ్చు, రైతులే కంపెనీగా ఏర్పడవచ్చు. సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పాటుతో 2014లో ఏర్పడిన ‘సహజ ఆహారం’ ప్రొడ్యూసర్ కంపెనీ ఆ బాటలో నడిచిందే. రైతుల సంఘాలు ముందు గట్టిపడ్డాయి, అంగడి తర్వాత వచ్చింది. అమ్మేవాళ్లు ఒక యాప్‌లో, కొనేవాళ్లు మరో యాప్‌లో ఉన్నా బేరం కుదిర్చే ఓఎన్‌డీసీ అనే జాతీయ వేదిక కూడా ఇప్పుడుంది. పదిమంది రైతుల సరుకు మాట తప్పకుండా చేర్చగలిగినప్పుడే దాని తలుపు తట్టాలి.

ఈ పనికి పూనుకునే యువకులకు ఒక విన్నపం. ఎన్ని డౌన్‌లోడ్లు వచ్చాయో చెప్పకండి. సీజను ముగిశాక మూట, బస్సు, ఆటో ఖర్చులన్నీ పోగా రైతు చేతికి కిలోకు ఎంత అందిందో, అదే రోజుల్లో యార్డు ధర ఎంతుందో రెండూ పక్కపక్కన రాసి ఊరి పంచాయతీ గోడ మీద అంటించండి. యార్డు కన్నా తక్కువ వచ్చిన వారాన్ని కూడా దాచకుండా రాయండి. మరుసటి ఏడాది సరుకు మీకే ఇవ్వాలో వద్దో రైతులు దాన్ని చూసి తేల్చుకుంటారు.